పచ్చగీత చెప్పిన అబద్ధం

"సారూ, పాలు వెచ్చబడుతుంటే నీ మీటర్ పచ్చగ నవ్వుతున్నదేంది?"

ఫోన్‌లో అమల గొంతు వినగానే సంకేత్ టిఫిన్ ప్లేటు వదిలేసి బండి తీశాడు. ఛత్రినాకలో వాళ్ల డెయిరీకి వెబ్ పేజీ చేసిచ్చింది అతనే. ట్యాంకులో పాల వేడి ఎంతో అందులో ఒక గీత చూపిస్తుంది. చల్లగా ఉంటే పచ్చ, వెచ్చబడితే ఎరుపు. చూపించాలి, కనీసం.

దారిలోనే వాన పట్టుకుంది. తడుస్తూ లోపలికి వెళ్లేసరికి అమల కొత్త చీరలో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సాయంత్రం కార్వాన్ నుంచి పెళ్లిచూపులకు వస్తున్నారట. నిన్న ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

"పాలు విరిగినయా?"

"లేదు. కరెంటు పోయి కూలింగ్ ఆగింది. బాపు చెయ్యి పెట్టి చూసిండు కాబట్టి బతికినయి. ఇప్పుడే జనరేటర్ వేసినం."

హమ్మయ్య అనుకుని అతను లాప్‌టాప్ తెరిచాడు. తప్పు కనబడగానే చెవులు వేడెక్కాయి. ఎప్పుడో బ్యాటరీ చార్జింగ్ చూపించడానికి రాసిన మీటర్‌ని తెచ్చి ఇక్కడ అతికించాడు. బ్యాటరీకి ఎంత ఎక్కువుంటే అంత మంచిది. పాల వేడికి? అంతా తలకిందులు.

"ఆప్టిమమ్ అంటే ఏంది?" తెర మీద ఆ మాట చూసి అమల వెనకనుంచి వంగి అడిగింది. మల్లెల వాసనకు అతని వేలు వేరే కీ మీద పడింది.

"ఎంతుంటే మంచిదో ఇక్కడ రాయాలె. మనం చెప్పకపోతే దానికెట్ల తెలుస్తది?"

"అవు మరి. చెప్పకపోతే ఎవరికైనా ఎట్ల తెలుస్తది?"

తలతిప్పి చూశాడు. ఆమె నవ్వడం లేదు.

"ఏడాది సంది వస్తున్నవ్. రంగు బాగలేదంటవ్, అక్షరాలు చిన్నగున్నయంటవ్. మంచిగున్న పేజీని ఎన్నిసార్లు బాగుచేస్తవ్ సంకేత్? ఇయ్యాల వాళ్లొస్తే నేనేం చెప్పాలె?"

"రావద్దని చెప్పు." కీబోర్డు చూస్తూ గొణిగాడు. మళ్లీ అన్నాడు. "పేజీ బాగలేదన్నదంతా అబద్ధం. నువ్వంటే నాకు మస్తు ఇష్టం అమలా."

అమల వంగి, ఆప్టిమమ్ దగ్గర తనే నాలుగు డిగ్రీలని టైప్ చేసింది. పచ్చగీత చటుక్కున ఎర్రబడింది, ఆమె చెంపల్లాగే.

వెనక పాలక్యాన్ దించిన చప్పుడు. అమల తండ్రి బాలనర్సింహ! సంకేత్ లేచిన ఊపుకి కుర్చీ పడిపోయింది.

"మీటర్ కుదిరిందా బిడ్డా?"

"కుదిరింది బాపూ. కార్వాన్ వాళ్లను రావద్దను."

ఆయన కూతురిని చూశాడు. తడిసి వణుకుతున్న అతన్ని చూశాడు.

"ఫోన్ నేను చేస్తగని, ముందుగాల ఆ పిలగానికి పాలు వెచ్చబెట్టియ్యి. జరమొస్తది."

గ్లాసు అందిస్తూ అమల నవ్వాపుకుంది. "వీటికి ఆప్టిమమ్ ఎంత సారూ?"

"నువ్వెంతంటే అంత," అంటూ గుటక వేసి, సంకేత్ నాలుక కాల్చుకున్నాడు.