ఎంగిలి నీళ్లు

ఆ కేంద్రం మూడంతస్తుల మేడలో మధ్య అంతస్తులో ఉండేది. కింద కళ్లజోళ్ల దుకాణం, పైన ట్యూషన్లు. మెట్లెక్కి తలుపు తోస్తే చల్లటి గది, మెత్తటి సోఫా, గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు: 'నిన్ను నువ్వు వదిలెయ్.'

లోపలి గదిలో తొట్టి. కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టుంటుంది. మూత దించితే వెలుతురు లేదు, చప్పుడు లేదు. నీళ్లు మోకాలి లోతైనా ఉండవు కానీ, వాటిలో కలిపిన ఉప్పుకి మనిషి బెండులా తేలతాడు. నీళ్ల వేడీ ఒంటి వేడీ ఒకటే. కాసేపటికి ఒళ్లు ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. అక్కడ అమ్మే సరుకు అదే.

ఆ తొట్టి శుభ్రం చేసే పని అక్కాచెల్లెళ్లిద్దరిలో చెల్లెలిది. ఒకరు లేచి వెళ్లగానే చిన్న వలతో పైన తేలే తెట్టు తీసేది. తెట్టులో ఏముంటుంది, మనుషులే. చర్మం పొట్టు, వెంట్రుకలు, చెవుల్లో గులిమి, ఎవరి పుండు మీదనుంచో ఊడిన పట్టీ. తొట్టి అంచు చుట్టూ గోధుమరంగు జిడ్డు గీత కట్టేది. గోకితే గోళ్లలో ఇరుక్కునేది. ఎంత సబ్బు రుద్దినా, తిండి నోటి దగ్గరికి తెచ్చుకునేసరికి ఆ వాసన ముందే అక్కడ కూర్చుని ఉండేది.

నీళ్లు మాత్రం మార్చేవాళ్లు కాదు. వడపోత యంత్రం గుడగుడమంటూ ఉండేది, అంతే.

"సార్, ఈ నీళ్లు పారబోద్దాం. కంపు కొడుతున్నాయి," అని అడిగింది ఒకసారి. యజమానిని చాటుగా ఉప్పుసారు అనేది ఆమె.

"తొందరపడకమ్మా. కొత్త నీళ్లలో మనసు ఓ పట్టాన ఆగదు. వీటిలో ఇట్టే ఆగుతుంది. ఎంతమంది తమని తాము వదిలి వెళ్లారో ఇందులో. పండిన నీళ్లు ఇవి."

చెల్లెలికి ఒళ్లు మండింది. పగలంతా పనిలో మనిషిని చెరుకుగడలా పిండేస్తారు, మిగిలిన పిప్పికి ప్రశాంతత అమ్ముతారు. విశ్రాంతి హక్కు గాని ఎవడో పడేసే భిక్ష కాదని ఆమె నమ్మకం. అదే మాట మొహం మీద అనేసేదే. కానీ ఉద్యోగం కావాలి.

పైగా ఆ పిప్పిలో ఇప్పుడు తన అక్క కూడా ఉంది.

అక్కది ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దస్తమానం చెవుల్లో తిట్లు. ఇంటికొచ్చి పడుకున్నా అవి ఆగేవి కాదు. బావ ఓడల మీద పనికి పోయాడు, ఇంట్లో పాకే వయసు పాప. నిద్ర కోసం అక్క తనంతట తనే ఆ తొట్టిలో చేరింది. వింతేమిటంటే, అక్కంతగా చీదరించుకునే మనిషి ఇంకొకరు ఉండరు. బస్సు సీటు తుడవందే కూర్చోదు. తోడబుట్టినదాని గ్లాసైనా కడగందే ముట్టుకోదు. చెల్లెలు గుమ్మంలో అడుగుపెట్టగానే మూతి ముడిచి, నాలుక అంగిట్లో టక్కుమనిపించి, "చేతులు కడుక్కున్నావా?" అనేది. పలకరింపు అదే.

"మీ ఆయన ఓడెక్కింది సముద్రం మీద ప్రేమతో కాదే అక్కా, నీ సబ్బుకి భయపడి," అని ఏడిపించేది చెల్లెలు.

మొదట్లో అక్క హాయిగా నిద్రపోయింది. మొహం తేటపడింది. తర్వాత, చెల్లెలు గుమ్మంలోకొస్తే అడగడం మానేసింది. ఒకనాడు చెల్లెలు తాగి వదిలేసిన కాఫీ అడుగు ఎత్తుకుని తాగేసింది. ఇంకోనాడు కంచంలో పొడుగాటి వెంట్రుక వస్తే వేలికి చుట్టుకుని చూసి, నోట్లో పెట్టుకుంది.

"అక్కా, అది ఎవరిదో."

"ఎవరిదైతే ఏం," అంది అక్క నవ్వుతూ. చాలా ప్రశాంతమైన నవ్వు.

ఆ వారమే, చెల్లెలు తలుపు తీసేసరికి పాప నేల మీద కూర్చుని ఏదో నములుతోంది. పెదవుల మధ్యనుంచి బొద్దింక కాలు బయటికి ఉంది. కదులుతోంది కూడా. అక్క పక్కనే కూర్చుని ముద్దుగా చూస్తోంది.

చెల్లెలు పాప నోట్లో వేలు పెట్టి కెలికి తీసింది. "చూస్తూ కూర్చున్నావేంటే? దానికేమన్నా అయితే?"

"అది వేరు, మనం వేరు అనుకుంటేనే కదా రోత," అంది అక్క.

మాట అక్కది కాదు. ఉప్పుసారుది. మర్నాడు చెల్లెలు అతని మీద ఒంటికాలి మీద లేచింది.

"మా అక్కని ఏం చేశారు?"

"ఏవగింపే అహంకారమమ్మా. ఇది నేను, అది నేను కాదు అని గీసుకున్న గీత. మీ అక్క ఆ గీత దాటింది."

"గీత లేకపోతే పసిపిల్ల చచ్చిపోతుంది సార్. మీది శాంతి కాదు, శవం."

అతను చిరునవ్వు నవ్వాడు. "మరి ఆ గీత ఏమైంది అంటావా? భయపడకు. ఆ నీళ్లలో వదిలింది ఎక్కడికీ పోదు."

సెలవు రోజు మధ్యాహ్నం చెల్లెలు తన దగ్గరున్న తాళంచెవితో కేంద్రం తెరిచింది. నీళ్లు మురిక్కాలవలోకి వదిలేస్తే అక్క వచ్చి పడుకోవడానికి ఏమీ ఉండదు. అంతే ఆమె ఆలోచన.

వడపోత యంత్రం కట్టేసింది. కిటికీ లేని గది. నడవలోనుంచి పడే వెలుతురు తొట్టి దాకా వచ్చి ఆగిపోయింది. మూత ఎత్తింది. పొద్దున్నే పళ్లు తోముకోని నోరు మొహంలోకి ఊదినట్టు వెచ్చటి గాలి కొట్టింది. నీళ్ల మీద అప్పుడే మీగడలా పొర కట్టింది. పొర మీద ఎవరివో కనురెప్ప వెంట్రుకలు.

అడుగున ఉన్న బిరడా లాగాలి. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఊపిరి బిగబట్టి, చెయ్యి దించింది.

తడి తగల్లేదు.

ఇంకా దించింది... చెయ్యి పొడిగానే ఉంది. వంగి చూసింది. ఆమె వేళ్ల చుట్టూ నీళ్లు గుంటపడి ఉన్నాయి. వేలు ఎటు కదిపితే అటు నీళ్లు వెనక్కి తగ్గుతున్నాయి. మీద పొర ముడతలు పడింది. కుళ్లినదేదో తగలబోతే ఒళ్లు ముడుచుకుపోయినట్టు...

నీళ్లకి ఆమెను చూస్తే రోత.

చెయ్యి వెనక్కి తీసుకుందామనుకుంది. కదల్లేదు. పొర కింద, ఎక్కడో, నాలుక అంగిట్లో టక్కుమంది.

"చేతులు... కడుక్కున్నావా?"

చెల్లెలు చెయ్యి పైకి లాగేసుకుంది. అక్క ఇక్కడ ఉంది. ఇంట్లో తిరుగుతున్నది తొక్క. బిరడా లాగితే అక్కని మురిక్కాలవలో పారబోసినట్టే.

వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే అక్క. సెలవు రోజైనా వచ్చేసింది. చెప్పుల్లేవు. పాదాలకి వీధిలోని పెంటంతా అంటుకుని ఉంది. పాపని పక్కింటివాళ్ల దగ్గర వదిలిందో, ఊరికే వదిలేసిందో.

చెల్లెలు గూట్లో ఉన్న మగ్గు అక్క చేతికిచ్చింది. "నీది నువ్వు తీసేసుకో అక్కా," అని గొణిగింది. "నీకు రోత లేదుగా. తీసేసుకో."

అక్క చెప్పిన మాట వినే పిల్లలా మోకాళ్ల మీద కూర్చుంది. ముంచింది. నీళ్లు ఆమెకి దూరం జరగలేదు. తాగింది. మళ్లీ ముంచింది. పొర గడ్డానికి అతుక్కుంది, వేలితో లోపలికి తోసుకుంది. గొంతు దిగుతున్న చప్పుడు... చెల్లెలు గోడవైపు తిరిగి నోరు నొక్కుకుంది.

మగ్గు కింద పడింది.

"ఛీ. ఏంటే ఈ కంపు? ఎక్కడికి తీసుకొచ్చావు నన్ను? నా కాళ్లకేంటిది?"

మూతి ముడిచి ఉంది. అక్కే. చెల్లెలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బిరడా లాగింది. ఈసారి చెయ్యి తడిసింది. నీళ్లు మామూలు నీళ్లలాగే గలగలమని పోయాయి.

ఇంటికొచ్చి చూస్తే పాప పక్కింట్లోనే ఉంది. అక్క ఇల్లంతా కడిగింది. పాలసీసా మరిగించింది. పాపకి ఒళ్లు రుద్ది స్నానం చేయించింది. చెల్లెలిని చూసి, "చేతులు కడుక్కున్నావా?" అంది. ఆ తిట్టు కోసం మొహం వాచి ఉన్న చెల్లెలు నవ్వుకుంటూ పోయి కడుక్కుంది.

తిరిగొచ్చేసరికి అక్క ఇంకా పంపు దగ్గరే ఉంది. గిన్నెలు తోమే పీచుతో చేతులు రుద్దుకుంటోంది. మోచేతి దాకా ఎర్రగా చిట్లింది.

"చాల్లే అక్కా."

"వదలట్లేదే ఇది," అంది అక్క, తన చేతినే కూరలో వచ్చిన వెంట్రుకలా చూస్తూ. "ఎవరిదే ఈ చెయ్యి? ఎవరో వాడి పారేసినట్టుంది. ఛీ... మొహం కూడా. ఎంతమంది ఎంగిలి చేశారో."

ఆ మాటలు ఒక గొంతువి కావు.

అక్కడ తాగినవాటిలో అక్క ఒక్కతేనా ఉంది? చెల్లెలు పీచు లాక్కోబోయింది. అక్క మణికట్టు మీద ఆమె వేళ్లు పడేలోపే అక్కడి చర్మం చుట్టూ లోపలికి గుంటపడింది. వెనక్కి తగ్గింది. పొర ముడతలు పడ్డట్టు.

చెల్లెలు పీచు వదిలేసి గదిలోకి పరిగెత్తింది. ముందు పాపని ఇక్కడినుంచి తీసుకుపోవాలి. మంచం మీద, శుభ్రంగా, ఆ చేతులే రుద్దిన సబ్బు వాసనతో నిద్రపోతోంది పాప. బొద్దింక కాలు తీసిన ఆ నోరు కొంచెం తెరిచి ఉంది.

ఎత్తుకుందామని వంగి, బుగ్గ దగ్గరికి చెయ్యి చాచింది.

బుగ్గ మీద మెల్లగా ఒక గుంట పడింది.

వేలు ఇంకా తగల్లేదు.