సున్నా సీసీ బండి

గంగాభవానితో నా పరిచయం ఆమెను గుద్దడంతో మొదలైంది.

తొంభై ఒకటిలో సంగతి. నా పేరు భీమశంకరం, మాది అమలాపురం. బెంగాల్లో, ఖరగ్‌పూర్ హిజ్లీ క్యాంపస్‌లో నా ఎం.టెక్ ప్రాజెక్టు ఒక సైకిల్. నడిమి గొట్టానికి బ్యాటరీ, వెనక చక్రానికి చిన్న మోటారు. తొక్కినా పోతుంది, తొక్కకపోయినా పోతుంది. పొగ రాదు, చప్పుడు అసలే రాదు. ఆ చప్పుడు లేకపోవడమే కొంప ముంచింది. తాల్‌బగీచా సందు మలుపులో వెనకనుంచి వెళ్ళి, ఆమె చేతిలోని పరీక్ష పేపర్లను రోడ్డంతా పరిచాను.

నేను "అయ్యబాబోయ్" అనడం విని ఆమె తెలుగులోనే తగులుకుంది.

"ఏటండీ ఇది, సైకిలా మోటారా? సైకిలైతే తొక్కాల. మోటారైతే మోగాల."

"రెండూనండి."

"రెండూ ఎలగవుతాది? లైసెన్సుందా?"

బ్యాటరీల గురించి లావుపాటి పుస్తకాలు చదివాను గాని, చట్టం గురించి ఒక్క ముక్క చదవలేదు. పేపర్లు ఏరిచ్చి, ఆలస్యమైందంటే ఆమె పాఠాలు చెప్పే సుభాష్‌పల్లి స్కూలు దాకా దింపాను. మర్నాడు ఆలస్యం కాకపోయినా దింపాను.

మూడో వారంలో కానిస్టేబుల్ దాదా ఆపాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "సైకిలైతే ఇద్దరెక్కడం తప్పు, మోటారైతే లైసెన్సు లేకపోవడం తప్పు" అని హిందీలో తేల్చాడు. ఏ తప్పో తెలుసుకుని రమ్మని వదిలేశాడు. ఎటు చూసినా నా నేరం భవానిని ఎక్కించుకోవడమే.

కబురు వాళ్ళ నాన్నకు చేరింది. నూకయ్య గారు గూడ్సు డ్రైవరు. చేతికి కాయితం రానిదే ఇంజను కదపని మనిషి.

"బాబూ, నీ బండికి కాయితం ఏదీ?" అన్నారు నన్ను పిలిపించి, వాళ్ళ గుమ్మంలోనే నిలబెట్టి. "ఆదివారం లోపల తే. నేదంటే మా ఈదిలోకి రాకు. మా పిల్ల నీ బండెక్కదు."

గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

నాకు బెంగాలీ రాదు కనుక పక్క ఊళ్ళోని లైసెన్సు ఆఫీసుకు భవాని తోడొచ్చింది. బస్సుకి వాళ్ళ నాన్న అభ్యంతరం చెప్పలేదు. గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టి ఫారం తీశాడు. అతని మాట నాకూ, నా మాట అతనికీ భవానే తర్జుమా చేసింది.

"ఇంజను ఎన్ని సీసీ?"

"సీసీ ఉండదండి, వాట్లు."

"వాట్లకి గడి లేదు."

చట్టం పుస్తకం తెరిచాం. ముప్పై అయిదు సీసీ దాటని రెండు చక్రాల బండి మోటారు వాహనం కాదని ఉంది. భవాని ముఖం విప్పారింది. "సున్నా ముప్పై అయిదు కన్నా తక్కువే కదా దాదా" అని బెంగాలీలో వాదించింది. "ఇంజనే లేనప్పుడు సున్నా మాత్రం ఎక్కడిది దీదీ" అన్నాడతను. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. సైకిలంటే ఏమిటో కూడా నాకు అనుమానం పట్టుకుంది.

"పోనీ లైసెన్సు అక్కర్లేదని రాసిమ్మన్నాను," అంది భవాని తిరుగు బస్సులో. "అక్కర్లేనిదానికి కాయితం ఉండదంట. మా నాన్నకి ఏటి సూపిస్తారు?"

"తెలీదు."

"మీకు ఏదడిగినా తెలీదే. మీ సంగతేటని మా అమ్మా అడిగింది. నాకూ తెల్దన్నాను."

కిటికీలోంచి జల్లు కొడుతోంది. ఆమె షట్టరు దించలేదు, నావైపే చూస్తోంది. చెప్పవలసిన మాట గొంతు దాకా వచ్చింది.

"బ్యాటరీ తడుస్తుందేమో," అన్నాను.

బ్యాటరీ హాస్టల్లో ఉంది. ఆమె షట్టరు దించేసి అటు తిరిగి కూర్చుంది.

ఆదివారం ఖాళీ చేతులతో వెళ్ళాను.

"కాయితం దొరకలేదండి. ఇది సైకిలో మోటారో ఎవరూ చెప్పలేకపోయారు. మీ అమ్మాయి ఎక్కకపోతే మాత్రం ఈ బండి నాకెందుకూ పనికిరాదు. ఆమె అంటే నాకిష్టం. అదొక్కటే నాకు తెలిసింది."

భవాని తలుపు పక్కనే నిలబడి ఉందని అప్పుడు చూశాను. నూకయ్య గారు నాకు కుర్చీ చూపించారు.

"సిగ్నల్ సెడిపోయిందనుకో బాబూ. బండి అక్కడే ఆపీసి తొంగుంటామా? స్టేషన్ మాస్టరు కాయితం రాసిస్తాడు. సూసుకుంటా మెల్లగా ఎల్తాం."

కూతురి నోటుబుక్కులోంచి కాయితం చింపి, పైకి చదువుతూ రాశారు.

"బండి పేరు, తెలీదు. స్పీడు, పదిహేను. డ్రైవరు, భీమశంకరం. ఎనకాల, గంగాభవాని. ఎక్కడి దాకా?"

అక్కడ పెన్ను ఆగింది. "ఎక్కడి దాకా రాయమంటావు?"

"ఉద్యోగం ఏ ఊళ్ళో వస్తుందో తెలీదండి. ఎక్కడొస్తే అక్కడి దాకా."

ఆయన కూతురి వైపు తిరిగారు. "ఏటమ్మా?"

"ఏ ఊరో నాకూ తెల్దు నాన్నా," అంది భవాని. "అయినా ఎల్తాను."

"ఊరి పేరు నేని కాయితం మీద నేనెప్పుడూ బండి తియ్యలేదు," అని గొణుక్కుంటూ, ఆయన ఆ చోటు ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టారు.