ఆకుపచ్చ ప్యాకెట్ తిన్న టీచర్

శుభవార్త మధ్యాహ్నం కునుకు వేళ వచ్చింది. తైవాన్ దేశంలో తైనాన్ నగరంలోని ఆ బడిలో పిల్లలంతా భోజనాలు చేసి, బల్లల మీద తలలు వాల్చి నిద్రపోతున్నారు. సైన్స్ టీచర్ షిన్‌రూ కూడా చెంప కింద హాజరుపట్టీ పెట్టుకుని కళ్ళు మూసింది. అంతలో గోడమీది మైకు గరగరలాడింది.

"మన ఎనిమిదో తరగతి పిల్లల 'రెండు వీధుల దీపాలు' నమూనా నగర ప్రదర్శనకి ఎంపికైంది! రేపు ఉదయం ఎనిమిదింటికి వ్యాను వస్తుంది!"

ప్రిన్సిపాల్ గొంతు ఆగకముందే పిల్లలు కేరింతలు కొట్టారు. షిన్‌రూ పరుగు తీసింది. ఆ నమూనాని పిల్లలతో చేయించింది ఇద్దరు టీచర్లు, తనూ బోహానూ. ఈ మాట అతనికి తనే చెప్పాలి. చెప్పగానే అతని కనుబొమలు పైకి లేవడం తనే ముందు చూడాలి. రెండు అంతస్తుల మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

ల్యాబ్ తలుపు దగ్గర ఆగిపోయింది.

లోపల బోహాన్ నవ్వుతున్నాడు. పక్కన సంగీతం టీచర్ యువాన్‌చి, చేతిలో నల్ల మార్కరు. ఇద్దరి మధ్యా బల్ల మీద కొబ్బరి చిరుతిళ్ళ ఆకుపచ్చ ప్యాకెట్ ఉంది. యువాన్‌చి దాని మీద ఏదో రాస్తోంది.

"ఇంకొంచెం పెద్దగా రాయవే," అన్నాడు బోహాన్.

రాయవే! షిన్‌రూ గుండెలో ఏదో చురుక్కుమంది. రెండేళ్ళుగా పక్కపక్కన పాఠాలు చెబుతున్నా తనని 'మీరు' దాటి ఒక్కనాడూ పిలవలేదు ఈ మనిషి.

"షిన్‌రూ టీచర్, విన్నారా? మనం ఎంపికయ్యాం!" అన్నాడతను.

"మీకెలా తెలుసు? ఈ గదిలో మైకు పాడైందిగా."

"యువాన్‌చి పరుగెత్తుకొచ్చి చెప్పింది."

"ఓహో. ఆవిడ కాళ్ళు చాలా చురుకే."

"చిన్నప్పట్నుంచీ అంతే," అంది యువాన్‌చి మార్కరు మూత పెడుతూ. "వీడూ నేనూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ."

వీడు! ఒకే బెంచీ! షిన్‌రూ చరచరా బుల్లి వీధుల నమూనా దగ్గరికి నడిచింది. దాని కింద ఉన్న డబ్బా తెరిచి, పాత బ్యాటరీలు రెండూ పీకేసి కొత్తవి ఠక్కుఠక్కున కుక్కింది. ఒక్కో ఠక్కు యువాన్‌చి నెత్తిన పడినట్టు ఆమెకి హాయిగా ఉంది.

బోహాన్ ప్యాకెట్‌ని నమూనా మీద నిలబెట్టాడు. ఆ ఊళ్ళో ఏ యంత్రం మీదైనా అలాంటిది ఒకటి ఉండాల్సిందే. ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు, మీద విన్నపం రాయాలి. అప్పుడే యంత్రం బుద్ధిగా పనిచేస్తుందని అక్కడి నమ్మకం. అన్నిటికన్నా ముఖ్యంగా, దాన్ని ఎవరూ విప్పి తినకూడదు.

"టీ తెస్తాను. మీకు చక్కెర తక్కువే కదా, టీచర్?" అంటూ బయలుదేరాడు. యువాన్‌చి కూడా గొడుగు అందుకుంది. కిటికీ బయట వాన మొదలైంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద ఆవరణ దాటుతుంటే షిన్‌రూ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. గొడుగు మరీ చిన్నది. అంత చిన్న గొడుగులు అసలు ఎందుకు తయారు చేస్తారో!

వెనక్కి తిరిగితే ఎదురుగా ప్యాకెట్. 'బుద్ధిగా ఉండు. రేపంతా వెలుగుతూనే ఉండు.' యువాన్‌చి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆ అందం చూస్తుంటే ఒళ్ళు మండింది.

ఏం చేస్తోందో తెలిసేలోపు ప్యాకెట్ చించేసింది. ఒకటి తింది. మరొకటి తింది. గుప్పెడు తింది. తియ్యగా, కమ్మగా ఉంది. అది ఇంకా కోపం తెప్పించింది. మొత్తం తినేసింది.

నోరు తుడుచుకుని స్విచ్ వేసింది.

దీపాలు వెలగలేదు.

"అయ్యో," అంది గాలిలోకి. "అయ్యయ్యో."

బోహాన్ ఒక్కడే తిరిగొచ్చాడు, తలంతా తడిసి, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో. చీకటి వీధులు చూశాడు. ఖాళీ ప్యాకెట్ చూశాడు. ఆమె గడ్డం మీది పొడి చూశాడు.

"తినేశావా?" అన్నాడు, ఆ కంగారులో 'మీరు' అనడమే మరిచిపోయి.

"తిన్నాను! ఆవిడ ముత్యాల రాతతో సహా తినేశాను! మీరూ మీ ఒకే బెంచీ, ఒకే గొడుగూ!"

"గొడుగు ఆమెదే. గేటు దగ్గర తీసుకుని వెళ్ళిపోయింది. నేను తడుస్తూ వచ్చాను, కనిపించట్లేదా?"

ఆమె ముక్కు ఎగబీల్చింది. "రేపు ఎనిమిదింటికి వ్యాను. పిల్లలకి ఏం మొహం చూపించను?"

"ముందు లోపం పట్టుకుందాం. టీచర్‌లా ఆలోచించు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎడమ వీధి బల్బులది శ్రేణి సంధానం. ఒకటి పాడైతే మొత్తం ఆరిపోవచ్చు. కుడి వీధిది సమాంతర సంధానం. అక్కడ ఒకటి పోయినా మిగతావి వెలగాలి.

"కుడి వీధి కూడా మొత్తం చీకటే," అంది నెమ్మదిగా. "అంటే తప్పు బల్బుల్లో లేదు. రెండు వీధులకీ కరెంటు వచ్చే చోటే ఉంది."

డబ్బా తెరిచింది. చూసి, మళ్ళీ మూసేసింది.

"ఏమైంది?"

"ఒక బ్యాటరీ తలకిందులుగా పెట్టాను." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇంక కరెంటు ఎక్కడ పారుతుంది?"

"నిన్నటిదాకా పిల్లలకి నువ్వే కదా చెప్పావు, ప్లస్ కొస చూసి పెట్టమని!"

"నవ్వకండి."

సరిచేసి స్విచ్ వేసింది. రెండు వీధులూ ఒక్కసారి వెలిగాయి. బుల్లి ఇళ్ళ కాగితం కిటికీలు పసుపచ్చగా మెరిశాయి. బయట వాన, లోపల ఆ వెలుగు. బోహాన్ ఒక టీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"ప్యాకెట్ వెనకవైపు చదివావా?" అన్నాడతను ఉన్నట్టుండి.

ఆమె ఖాళీ ప్యాకెట్ తిప్పింది. అవే ముత్యాల అక్షరాలు. 'రేపు దీపాలు వెలిగాక షిన్‌రూని ఒక మాట అడగాలి. ధైర్యం ఇవ్వు. ఇట్లు, బోహాన్.'

"ఇది... ఆవిడ చేత రాయించారా?"

"నా రాత కోడి కెలికినట్టుంటుందని నువ్వే అంటావు. యంత్రానికి అర్థం కావద్దూ?" అతను నేల చూపులు చూశాడు. "ఇప్పుడు ఆ ధైర్యం కాస్తా నువ్వు తినేశావు."

షిన్‌రూ ఒక్క క్షణం ఆలోచించింది. నిజమే. గుప్పెళ్ళకొద్దీ తింది. పొట్ట నిండా అదే ఉంది.

"అయితే నేనే చెబుతాను, విను," అంది. ఆ 'విను' తన నోటి నుంచే వచ్చినందుకు ఆమెకే నవ్వొచ్చింది. "నువ్వంటే నాకు ఇష్టం. రేపు ఏడున్నరకల్లా గేటు దగ్గరుండు. కొత్త ప్యాకెట్ నేను తెస్తాను, దానిమీద మనిద్దరి పేర్లూ నేనే రాస్తాను. నమూనాని వ్యాను ఎక్కించి పంపేశాక, మా ఇంటికి చేప జావ తాగడానికి వస్తున్నావు. అమ్మకి ఈ సాయంత్రమే చెప్పేస్తాను."