చెరిపిన కొద్దీ

బుల్లెమ్మకు ముప్పై ఎనిమిదేళ్లు. వీడియోలు ఎడిట్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటుంది.

ఆ మధ్యాహ్నం గ్యాలరీ వెనక గదిలో, కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని, బావతో కలిసి పనిచేస్తోంది. అక్క మెట్ల మీంచి జారిపడి పోయి ఏడాది. ఆ ఏడాదిలోనే బావ పెద్ద కళాకారుడయ్యాడు. పెళ్లాం చావు కొందరికి భలే కలిసొస్తుంది. అక్క ఫోన్‌లోని వీడియోలను చెడగొట్టి గోడ నిండా ఆడించడం ఆయన కొత్త కళాఖండం. రేపే ప్రారంభం. ఆ ఫోన్ చేతికి రావాలంటే ఇదొక్కటే దారని బుల్లెమ్మ ఈ పనికి ఒప్పుకుంది. అక్క జారిపడే మనిషి కాదు.

చెడగొట్టడం తేలికే. వీడియోను ఉత్త అక్షరాల ఫైలులా తెరిచి, మధ్యలో కొన్ని వరుసలు చెరిపేస్తే బొమ్మ గళ్లుగళ్లుగా పగులుతుంది. మొదటి వరుసలు మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఫైలు చచ్చినట్టే.

"ఆఖరిదొకటుంది బావా. అక్క పోయిన రోజుది. తెరిస్తే అంతా బూడిదరంగు."

బావ కుర్చీ లాక్కున్నాడు. "లే. ఇది నేను చేస్తా."

"నకలు తీసుకోనీ."

"అక్కర్లేదు మరదలా."

వంద వరుసలు చెరిపి ఆడించాడు. గోడ మీద బూడిదరంగులో ఒక మూల... మెట్లు.

ఇంకో రెండొందలు చెరిపాడు. అక్క వీపు. తడి జుట్టు. గదిలో సబ్బు వాసన. హెడ్‌ఫోన్‌లో అక్క ఆయాసం. ఖాళీ చెవిలో కూడా.

"చెరిపేకొద్దీ తేటపడుతోందేం బావా?"

ఆయన మొదటి వరుసలతో సహా అంతా చెరిపేశాడు.

అక్క ఇటు తిరిగింది. ఆమె భుజం మీద ఒక చెయ్యి. ఉంగరంతో సహా, ఇప్పుడు కీబోర్డు మీద ఉన్న చెయ్యే. అది తోసింది.

"ఆపెయ్," అన్నాడు గుసగుసగా.

"నీ కళేగా. నువ్వే ఆపుకో."

ప్రొజెక్టర్ తీగ పీకేశాడు. బొమ్మ పోలేదు. గోడ దగ్గరికెళ్లి అరచేతులతో కప్పబోయాడు. వేళ్లు గళ్లుగళ్లుగా విడిపోయాయి... తర్వాత మోచేతులు... తర్వాత ముఖం.

బుల్లెమ్మ లైటు వేసింది. గదిలో తనొక్కతే.

మర్నాడు బావ జాడ లేక, గ్యాలరీవాళ్లు కళాఖండం కింద అక్క పేరు పెట్టారు. ఫైలు సైజు సున్నా. అయినా ఆడుతోంది. బొమ్మ లేదు, చప్పుడే. ఎవరో మగమనిషి మెట్ల మీంచి పడుతున్నాడు. ఆ పడటం అయిపోవడం లేదు. ఆనాటి నుంచి రోజూ ఒక నిమిషం నిడివి పెరుగుతోంది.

బుల్లెమ్మ స్పీకర్ల శబ్దం పెంచి ఇంటికెళ్లిపోయింది.