ఆలెక్ వాళ్ళ ఏటి గేటు

మా వైపు చేపలు పట్టేవాడు నేర్చుకోవాల్సినవి రెండే. ఏటికి దిగేముందు ఆ పొలం వాళ్ళ తలుపు తట్టి అడగాలి. దారిలో గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలేయాలి. మూసి ఉంటే మూసి, తీసి ఉంటే తీసి. మా సౌత్‌ల్యాండ్‌లో ఏటి ఒడ్డు పొలాలన్నీ ఆవుల వాళ్ళవే కాబట్టి ఐదేళ్ళ పిల్లకాయకి కూడా ఈ సంగతి తెలుసు. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపినవాణ్ణి, ఎంతమంది పిల్లలకి నేనే చెప్పానో లెక్కలేదు.

ఆలెక్ మెకెల్లర్ పొలంలో ఇరవై రెండేళ్ళు ట్రౌట్ చేపలు పట్టాను. వాళ్ళ పొలం రెండంచెలు. ఇల్లూ పాలషెడ్డూ పైన మెట్ట మీద ఉంటాయి. కింద ఏటి పల్లం. రెంటికీ మధ్య ఒకే ఒక ఇనుప గేటు, స్తంభానికి గొలుసు, గొలుసుకి కొక్కెం. నేను వంటింటి తలుపు తడితే ఆలెక్ భార్య ఎఫీ తీసేది. లోపల్నించి ఆలెక్ అరిచేవాడు.

"మర్డోనా? పోనియ్యి వాణ్ణి. వాడి మొహం చూడకపోతే మా ఆవులకి పాలు దిగట్లేదు!"

"చేపలు మాత్రం వాడి మొహం చూసే పారిపోతాయి," అనేది ఎఫీ.

ఆవుల గురించి అతను అన్నది అబద్ధమేం కాదు. ఆవులకి ఉన్నంత కుతూహలం మా ఊరి ఆడవాళ్ళకీ లేదు, మగవాళ్ళకీ లేదు. నీళ్ళలో నిలబడి గాలం విసురుతుంటే వెనకాల గట్టు మీద వరసగా వచ్చి నిలబడేవి. చెవి బిళ్ళ మీద 214 అంకె ఉన్నది మరీ గడుసుది. నా సంచిలో మూతి పెట్టి చీజ్ రోల్స్ కాగితంతో సహా మింగేసేది. దాన్ని తిట్టని రోజు లేదు.

ఏడాదిన్నర కిందట, నవంబరులో ఒక సాయంత్రం, చేపలు పట్టి పైకి వస్తుంటే ఆ గేటు బార్లా తెరిచి ఉంది. ఆవులేమో ఇంకా పల్లంలో మేస్తున్నాయి. అంతకు వారం ముందే పట్నం కుర్రాళ్ళు ఎవరో గేటు వదిలేసి పోతే ఆలెక్ పెయ్యలు రోడ్డెక్కాయి, ఒకటి పాల ట్యాంకరు కింద పడింది. మళ్ళీ అదే వెధవపని చేశారనుకున్నాను. గేటు మూశాను. కొక్కెం వేసి, గట్టిగా లాగి చూశాను కూడా. ఇంటికెళ్ళి చెప్పి ఉంటే సరిపోయేది. కానీ టీవీలో రగ్బీ మొదలవుతుందని కారెక్కేశాను.

మా నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉంది. కొండల్లో మాత్రం మధ్యాహ్నం నుంచీ కుండపోత. ఆలెక్‌కి ఆ సంగతి తెలుసు, అందుకే గేటు తీసి ఉంచాడు. నీళ్ళొస్తే ఆవులు వాటంతట అవే మెట్టకి ఎక్కేస్తాయని.

తెల్లారుజామున అతను వెళ్ళేసరికి ఏరు పల్లమంతా కమ్మేసింది. ఆవులన్నీ మూసిన గేటు మీద పడి ఉన్నాయి. మంద బరువుకి గొలుసు బిగుసుకుపోయింది. కొక్కెం తియ్యడానికి నీళ్ళలోకి దిగాడు. ముప్ఫై ఒక్క ఆవులు పోయాయి. ఆలెక్ మూడో రోజు కింద వంతెన దగ్గర దొరికాడు.

శవపేటిక మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి. తర్వాత చర్చి హాల్లో అందరం టీ తాగుతుంటే ఎఫీ నా దగ్గరికి వచ్చింది. వరదకి ముందు సాయంత్రం నాలుగింటికి ఆవులకి ఉప్పుగడ్డలు వేయడానికి ఆమె బండి మీద, ఆలెక్ తీసి ఉంచిన ఆ గేటు దాటి వెళ్ళిందట.

"మర్డో, నిజం చెప్పు. నువ్వు పైకి వచ్చేసరికి గేటు ఎలా ఉంది?"

ఆమె మొహంలో ఆశ ఉంది. ఆ మొహాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేను. నా చేతిలో టీ కప్పు, చుట్టూ ఊరంతా. నోరు దానంతట అదే కదిలింది.

"మూసే ఉంది, ఎఫీ."

ఆమె మెల్లగా తలాడించింది. "అయితే నేనే. ముప్ఫై ఐదేళ్ళుగా గేట్లు మూసిన చెయ్యి కదా. తెలియకుండానే మూసేసి ఉంటాను." తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. నేను టీ తాగాను. అంతటి నీచుణ్ణి నేను.

ఆ తర్వాత ఆ ఏటికి వెళ్ళలేదు. ఎఫీని చూస్తే అవతలి వీధిలోంచి పోయేవాణ్ణి. ఆమె చిక్కి సగమైందనీ, చర్చికి రావడం మానేసిందనీ, వంటింట్లో తనలో తనే మాట్లాడుకుంటోందనీ మా ఆవిడ చెబుతుంటే పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

మొన్న ఏప్రిల్ చివరి రోజు, మా దేశంలో చలి మొదలై చేపల కాలం ముగిసే రోజు, ఎఫీ ఫోన్ చేసింది.

"పొలం అమ్మేశాను మర్డో. మిగిలిన మందని కూడా పోయిన వారమే తోలుకుపోయారు. ఆఖరిసారి వచ్చి ఒక చేప పట్టి పెట్టు. ఆలెక్ ఉంటే నిన్ను పిలిచేవాడు."

కాదనడానికి మొహం చెల్లలేదు. ఈసారి చెప్పేయాలి, చేప చేతిలో పెట్టి చెప్పేయాలి అనుకుంటూ వెళ్ళాను. తలుపు తీసిన మనిషిని చూడగానే ధైర్యం జారిపోయింది. "చీకటి పడేలోపు వచ్చేస్తాను," అని మాత్రం అన్నాను.

గేటు తెరిచి ఉంది. తెరిచే వదిలేశాను. కొత్త గేటది, దానికి గొలుసు కూడా పెట్టలేదు. పల్లం ఖాళీగా, గడ్డి మోకాళ్ళ దాకా ఎదిగి ఉంది.

నీళ్ళు చీలమండ దాటని చోట్లు కూడా ఉన్నాయి, అంత పల్చగా పారుతోంది ఏరు. సాయంత్రం ఐదున్నరకి పొగమంచు దిగింది. ముందు నీళ్ళ మీద, తర్వాత గట్టు మీద, తర్వాత నా చుట్టూ. అవతలి ఒడ్డు కనిపించడం మానేసింది. తడి గడ్డి వాసన, బురద వాసన. నీళ్ళ గలగల తప్ప ఇంకో చప్పుడు లేదు. మనసు కాస్త నిమ్మళించింది.

అప్పుడు వెనకాల గడ్డి తెగుతున్న చప్పుడు వినిపించింది. పరక్... పరక్... తర్వాత బరువైన అడుగు, మరో అడుగు. ముక్కుల్లోంచి గాలి వదిలిన శబ్దం. ఇరవై రెండేళ్ళ అలవాటు కదా, తిరిగి చూడకుండానే నవ్వొచ్చింది.

"వచ్చారా తల్లీ? కొంచెం దూరంగా ఉండండి, గాలం తగులుతుంది."

సంచి పట్టీ లాగినట్టయింది. "ఏమే, దొంగమొహమా! నీకు వేరే తిండే లేదా?" అంటూ దాని నుదుటి మీద చెయ్యి పెట్టి నెట్టాను. చల్లగా ఉంది. నీళ్ళోడుతోంది. చెవి బిళ్ళ మీద నీళ్ళు జారుతున్నాయి.

214.

చెయ్యి వెనక్కి రాలేదు. అలాగే ఉండిపోయింది.

మంచులో ఒక్కొక్కటే కనిపించాయి. గట్టు మీద వరసగా... నడుము దాకా బురద పట్టి... ఒంటి నిండా నీళ్ళు కారుతూ. అంత చలిలో నా ఊపిరి పొగలు కక్కుతోంది. వాటి మూతుల దగ్గర ఏ పొగా లేదు. ఏదీ అరవలేదు. ఏదీ నెమరు వేయలేదు. నన్ను చూస్తున్నాయనుకున్నాను. కాదు. నా మీదుగా, మెట్ట వైపు చూస్తున్నాయి.

గాలపు కర్ర ఎక్కడ పడేశానో తెలియదు. పరుగెత్తలేదు. మెల్లగా గేటు వైపు నడిచాను. వెనకాల తడి గిట్టల చప్పుడు. నేను ఆగితే ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది.

గేటు నేను వదిలినట్టే బార్లా తెరిచి ఉంది. దాటాను. మెట్ట దారి ఎక్కి వెనక్కి తిరిగాను.

అవి దాటలేదు.

తెరిచిన గేటు ముందు ఆగిపోయాయి. ముందున్న ఆవు ఛాతీ దేనికో ఒత్తుకుపోయి ఉంది, అక్కడ ఏమీ లేకపోయినా. వెనకవి దాని మీద పడ్డాయి. వాటి మీద ఇంకా వెనకవి. మెడలు పైకి చాచి, కళ్ళు తెల్లగా తిప్పి... ఖాళీ జాగాలో నలిగిపోతున్నాయి.

"రండి," అన్నాను. "తీసే ఉంది... రండి తల్లీ..."

మంద లోపల్నించి ఎవరో గుసగుసగా అన్నారు.

"మర్డో... గొలుసు తియ్యి."

ఆ గొంతు నాకు తెలుసు. ఎంత భయపడ్డానో అంత ఏడుపొచ్చింది. స్తంభం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను. కళ్ళకి గాలి తప్ప ఏమీ కనబడలేదు. వేళ్ళకి మాత్రం చల్లటి ఇనుము తగిలింది. బిగదీసిన గొలుసు. తడుముకుంటూ కొక్కెం పట్టుకున్నాను. లాగాను. రెండు చేతులతో లాగాను. వెంట్రుకవాసి కదల్లేదు.

"రావట్లేదు ఆలెక్... రావట్లేదు..."

"నాకూ రాలేదు," అంది ఆ గొంతు.

కోపం లేదు అందులో. కోపం ఉన్నా బాగుండేది.

"నేనే మూశాను," అన్నాను. ఏడాదిన్నరలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. "నేనే మూశాను, నీకు మేలు చేస్తున్నాననుకున్నాను... ఎఫీ కాదు, నేనే."

కొక్కెం మాత్రం వదల్లేదు.

"ఆమెకి తెలియదు," అంది గొంతు. 

వంటింట్లోకి ఎలా వెళ్ళిపడ్డానో చెప్పలేను. ఎఫీ పొయ్యి మీద పెనం పెట్టి ఎదురుచూస్తోంది. కూర్చోకుండా, బూట్లు విప్పకుండా మొత్తం చెప్పాను. పట్నం కుర్రాళ్ళ సంగతి, గేటు, రగ్బీ, చర్చి హాల్లో ఆడిన అబద్ధం. కిందనున్న మందని గురించి కూడా చెప్పాను.

ఆమె పొయ్యి కట్టేసింది.

"ఏడాదిన్నరగా ఈ చేత్తో అన్నం కూడా తినబుద్ధి కాలేదు నాకు," అంది. "ఎడమచేత్తో తిన్నాను మర్డో. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాను."

"ఎఫీ..."

"మాట్లాడకు."

తిట్టలేదు. కొట్టినా పడేవాణ్ణి. కోటు వేసుకుని, తలుపు వెనక వేలాడుతున్న టార్చి తీసుకుంది, కుడిచేత్తో. నేను అడ్డం నిలబడితే నన్ను కుర్చీని జరిపినట్టు జరిపి బయటికి నడిచింది.

పెరట్లో నిలబడి చూశాను. టార్చి వెలుగు మంచులోంచి కిందికి కిందికి పోయి గేటు దగ్గర ఆగింది. ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు ఒక్కటి, చిన్నగా, తేలిగ్గా. తర్వాత ఆమె గొంతు. పాలు పితికే వేళ మందని పిలిచే గొంతు.

"రండే అమ్మా... రండి... రండి..."

గిట్టలు కదిలాయి. మెట్ట దారి వెంట పైకి వచ్చాయి. నా పక్కనుంచే పోయాయి, ఇటూ అటూ. ఒక్కటీ కనబడలేదు. తడి ఒళ్ళు నా చేతులకి రాసుకున్నాయి, బురద వాసన ముంచేసింది. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఆ చప్పుడు పాలషెడ్డు దాటి, పైబీడు వైపు వెళ్ళి అణిగిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నా తప్పు తీరలేదని తెలుసు, అయినా అవి మెట్ట ఎక్కాయి కదా అనుకున్నాను.

కాసేపటికి ఎఫీ చీకట్లోంచి నడిచొచ్చింది. గుండెల దాకా తడిసి ఉంది. కోటు అంచుల్నించి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆమె మొహం మాత్రం తేటపడింది. ఆ మొహంలో అంత శాంతి నేను ఎన్నడూ చూడలేదు, ఆలెక్ ఉన్నప్పుడు కూడా.

"ముప్ఫై ఒకటీ వచ్చేశాయి," అంది.

"ఆలెక్?"

"ఆయన రాలేదు." కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిమురుకుంటోంది. "ఇంకొకళ్ళు కిందికి రావాలట. అందాకా గేటు తీసే ఉంచుతానన్నాడు."

ఎవరని నేను అడగలేదు. ఆమె నా వైపు చూడలేదు. ఇద్దరం పల్లం వైపు తిరిగి నిలబడ్డాం, చలికి ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా. అప్పుడు గమనించాను, ఎఫీ రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. టార్చి కింద గేటు దగ్గరే వెలుగుతోంది, నేల మీద కాదు, మనిషి ఛాతీ ఎత్తులో. కాసేపటికి అది మెల్లగా మా వైపు తిరిగింది.