మనిషితాళం

కొట్టు గుమ్మం పక్కన పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ముసలమ్మ మీదికి హంపమ్మ మూడోసారి తుపాకి గురిపెట్టింది. ముసలమ్మ తలెత్తలేదు. తుపాకి మీద బిగించిన నల్లటి గొట్టం 'టక్'మంది. దాని పక్కన చిన్న ఎర్రదీపం వెలిగింది.

"నొక్కక్కా, భయపడొద్దు," అన్నాడు కొట్టు యజమాని గాదిలింగప్ప. "గుండు లోపలే ఉండాది. అయినా పేలదు."

హంపమ్మ వేలు కదల్లేదు.

"నొక్కమ్మా," అంది ముసలమ్మ విసుగ్గా. "పొద్దున్నుంచి ఇరవై మంది నొక్కినారు. నేనింకా బతికే ఉండానని ఊరందరికీ రుజువు చేసేదే నా పని. ఇంత చేసినా మా అల్లుడు మధ్యాహ్నం టీ పోయడు."

హంపమ్మ వెంట వచ్చిన బొమ్మక్క పగలబడి నవ్వింది. బొమ్మక్క ఆమెకు తోడబుట్టిన అక్క. మొగుళ్లు పోయినప్పటినుంచి అక్కచెల్లెళ్లది ఒకే పొయ్యి. అక్క గొర్రెలు మేపుతుంది. చెల్లెలు ఊరి చేలను పందుల నుంచి కాస్తుంది.

హంపమ్మ కళ్లు మూసుకుని నొక్కింది. ఏమీ కాలేదు. ముసలమ్మ ఉమ్మడానికి పక్కకు వంగగానే గొట్టం 'టిక్'మని, దీపం పచ్చగా మారింది. హంపమ్మ తుపాకిని చటుక్కున పైకి ఎత్తేసింది.

"చూసినావా," అన్నాడు గాదిలింగప్ప. "గురి మీద ఏముందో అదే చూస్తాది. పక్కన ఎవరున్నా దానికి పట్టదు. గురి మీద మనిషి ఉంటే తాళం, లేకుంటే తాళం ల్యా."

తాళం తుపాకులు వచ్చి పన్నెండేళ్లయింది. వానలు వేళ తప్పి, బీళ్లన్నీ కంపచెట్లు కమ్ముకుని, అడవిపందులు మందలుగా వేరుశనగ చేల మీద పడడం మొదలయ్యాక ఊరికొక కాపుతుపాకి వచ్చింది. మొదట్లో పందులతోపాటు మనుషులూ పోయారు. నీళ్లు కట్టబోయినవాళ్లు, చెంబు పట్టుకుని గట్టు దాటినవాళ్లు. ఆ తర్వాత వేడికన్ను వచ్చింది. ఒంటి వేడిని బట్టి ఎదుట ఉన్నది మనిషో జంతువో అదే తేల్చుకుని, మనిషైతే తుపాకికి తాళం వేసేస్తుంది. దాన్ని అందరూ మనిషితాళం అంటారు. ఆనాటితో జనానికి తుపాకి భయం పోయింది. పిల్లలు గొట్టం ముందు చెయ్యి ఊపి 'టక్'మనిపించి ఆడుకుంటారు. పెళ్లిళ్లలో తలంబ్రాలయ్యాక పెళ్లికొడుకు పెళ్లికూతురి మీద గురిపెడతాడు, తాళం పడగానే బంధువులు చప్పట్లు కొడతారు. మంచాన పడ్డ ముసలివాళ్లు నిద్రపోతున్నారో పోయారో చూడడానికి ఇంట్లోవాళ్లు దగ్గరికి వెళ్లడం కూడా మానేశారు. గడపలోంచే కన్ను తిప్పుతారు. తాళం పడితే ఉన్నట్టు.

హంపమ్మ తుపాకికి మాత్రం ఇంకా పాత పచ్చచూపే ఉంది. అది ఆమె మొగుడు తిప్పేస్వామి కొన్నది. చుక్కల వెలుగును పెంచి చేనంతా పాచిరంగులో చూపిస్తుంది. చెవులు, తోక, మూతి అన్నీ కనబడతాయి గానీ అది పందో కాదో తేల్చుకోవలసింది చూసే మనిషే. అందుకని తిప్పేస్వామి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గురి కుదిరాక 'హోయ్' అని మూడుసార్లు పిలిచేవాడు. మనిషైతే పలుకుతాడు. పలక్కపోతేనే కాల్చేవాడు. సగం పందులు ఆ పిలుపుకే పారిపోయేవి. కానీ పదిహేనేళ్లలో ఒక్క మనిషికి గీత పడలేదు. అతను పోయాక హంపమ్మ కూడా అలాగే పిలుస్తూ వచ్చింది. ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోలా పలికేవారు. బొమ్మక్క అయితే ఎంత దూరాన ఉన్నా, "ఇంకా చావలేదులే, పో" అనేది.

ఇప్పుడు హంపమ్మ కుడికంటికి మసక వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కూడా చూపు పూర్తిగా రాలేదు. పోయిన నెలలో ఒకనాడు పందే అనుకుని గురిపెట్టింది. రెండు పిలుపులకు జవాబు లేదు. మూడో పిలుపుకు పక్కచేను సుంకన్న లేచి నిలబడ్డాడు. చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చున్నాడట. ఆనాటినుంచి మూడు పిలుపులయ్యాక కూడా ఆమె కాల్చడం లేదు.

"ఈ పచ్చచూపులోనే కొత్తది ఉండాదా, ఇంకా బాగా కనబడేది?" అని అడిగింది.

"ఉండాదక్కా. కానీ అది నీ కన్నుకు సాయం చేస్తాదంతే. నీ కన్నే సరిగా లేనప్పుడు అదేం చేస్తాది?" గాదిలింగప్ప తన అరచెయ్యిని గోడకు ఆనించి తీశాడు. "ఇప్పుడు వేడికన్నులోంచి చూడు."

గోడ మీద ఐదువేళ్లూ తెల్లగా మెరుస్తున్నాయి. చూస్తుండగానే మసకబారి గోడలో కలిసిపోయాయి.

బొమ్మక్క బల్ల మీంచి లేచింది. "నేను కూర్చున్న చోటు ఎట్లుండాదో చూడవే."

"పెద్ద గుమ్మడికాయంత ఉండాది," అంది హంపమ్మ గొట్టంలోంచి చూస్తూ.

"కన్ను మంచిదేనప్పా," అంది బొమ్మక్క గాదిలింగప్పతో. "ఉన్నదున్నట్టు చెప్తాంది."

హంపమ్మ మాత్రం నవ్వలేదు. "తప్పు చెయ్యదా?"

"ఎనభై దేశాల మనుషుల్ని చూపించి నేర్పినారంట దీనికి. పొట్టోళ్లు, పొడుగోళ్లు, చంకలో బిడ్డలున్నోళ్లు, అందరినీ."

"మావాళ్లు వంగి కలుపు తీస్తారు. గట్ల మీద పడుకుంటారు."

"మా అత్తను పడుకోబెట్టి చూపిస్తా."

"నేను పడుకోను," అంది ముసలమ్మ.

బొమ్మక్క చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. బజార్లో పోయేవాళ్లు ఆగి చూస్తున్నా లెక్కచెయ్యకుండా మోకాళ్ల మీదికి, చేతుల మీదికి వంగి, పందిలా గుర్రుమంటూ వీధిలో అటూ ఇటూ తిరిగింది. మూతితో మట్టి తవ్వుతున్నట్టు తల ఊపింది. హంపమ్మ గురిపెట్టింది. 'టక్.' ఎర్రదీపం. అక్క ఎటు తిరిగినా ఎర్రదీపమే.

బొమ్మక్క మోకాళ్లు దులుపుకుంటూ లేచింది. ముఖం వెలిగిపోతోంది. "నన్ను గుర్తుపట్టిందే. నా మొగుడు కూడా ఇంత తొందరగా గుర్తుపట్టేవాడు కాదు. తీసుకో హంపీ. నీకు చూపు పోయింది. దీనికన్నా ఉండాది."

హంపమ్మ వేడికన్ను తీసుకుంది. తిరుగు బస్సులో తుపాకి ఒళ్లో పెట్టుకుని, చాలా రోజుల తర్వాత అక్క భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

కొత్త కన్ను వచ్చాక కూడా ఆమె పిలవడం మానలేదు. అలవాటు. మూడువారాలకు పంటకాపు సంఘం గుమాస్తా విరూపాక్షి మంచె దగ్గరికి వచ్చాడు.

"అత్తా, పక్కూరోళ్లు తగాదాకొచ్చినారు. నువ్వు పిలుస్తావంట, పందులు లేచి వాళ్ల చేలల్లో పడతాండాయంట. తాళం ఉండాది కదా, పిలిచేదెందుకు?"

"మా ఇంటాయన పిలిచేవాడు."

"మామ కాలంలో తాళం ల్యా కదత్తా."

ఆ సాయంత్రం బొమ్మక్క కూడా అదే మాట అంది. "నీ కేకలకు నా గొర్రెలు బెదురుతాండాయి. పందికి పేరుపెట్టి పిలుస్తాండావా, అన్నానికి రమ్మని?"

హంపమ్మ పిలవడం మానేసింది. మొదట్లో నోట్లో ఏదో అడ్డంపడ్డట్టు ఉండేది. తర్వాత అదీ పోయింది. పచ్చదీపం వెలిగిందంటే అక్కడ మనిషి లేడు. పాలు పొంగుతుంటే మంట తగ్గించినంత మామూలుగా వేలు నొక్కడం వచ్చింది. రెండు నెలల్లో పదకొండు పందులు పడ్డాయి. వేరుశనగ ఊడలు దిగి, కాయ నిండింది.

అప్పుడు ముసురు పట్టింది. ఆ ఎండల సీమలో మూడురోజులు సూర్యుడు కనబడకపోవడం పిల్లలకు వింత, పెద్దలకు భయం. ముసురులో పందులు పగలే దిగుతాయి. విరూపాక్షి ఇంటింటికీ కబురు పెట్టాడు, చేలకు ఎవరూ పోవద్దని కాదు, తుపాకి పొద్దంతా మంచె మీదే ఉంటుందని. తాళం ఉన్న తుపాకికి ఎవరు జాగ్రత్తపడతారు?

మూడోరోజు పొద్దున్న బొమ్మక్క చిరిగిన ప్లాస్టిక్ పట్టా నెత్తిన వేసుకుని గొర్రెలను తోలబోతుంటే హంపమ్మ ఆపింది. అటక మీంచి నల్ల కంబళి తీసింది. వాళ్ల నాయన సొంత మగ్గం మీద నేసింది. ఏటికేడు ఎండలు ముదిరాక ఊళ్లో కంబళి కప్పుకున్నవాళ్లు లేరు. పాత ఉన్ని వాసన, వేపాకు వాసన గుప్పుమన్నాయి.

"బరువే ఇది," అంది బొమ్మక్క.

"బరువుంటేనే వాన దిగదు. నిలబడు." హంపమ్మ కంబళి ఒక కొసను మడిచి, ముసుగులా కొప్పెర చేసి, అక్క తలకు తొడిగింది. మిగిలిన కంబళి ముందుకు లాగి గడ్డం కింద పుల్ల గుచ్చింది. పాదాల దాకా ఏమీ కనబడకుండా కప్పేసింది.

"నాయన మాదిరి ఉండానా?"

"నాయనకి ఇంత నోరు ల్యా."

బొమ్మక్క కొప్పెరలోంచి నవ్వుతూ పోయింది.

పది దాటాక సన్నటి తుంపర పొగలా కమ్ముకుంది. మంచె మీంచి చూస్తే వంద అడుగుల అవతల అంతా తెల్లటి పొర. హంపమ్మ వేడికన్ను ఆనించి చేనంతా వెతికింది. చల్లటి చేను నల్లగా కనబడుతోంది. పడమటి గట్టు కింద, నేలకు జానెడు ఎత్తున, ఒక తెల్లటి మచ్చ. పొట్టిగా ఉంది. కొంచెం కొంచెం కదులుతోంది. వేరుశనగ మొదళ్లు పెకిలించేటప్పుడు పంది మూతి అలాగే ఆడుతుంది.

గురిపెట్టింది. తాళం పడలేదు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ఆమె నోరు తెరుచుకుంది. ఎందుకో ఆ క్షణాన పిలవాలనిపించింది. విరూపాక్షి మాట గుర్తొచ్చి నోరు మూసుకుంది. వేలు నొక్కింది.

తెల్లమచ్చ పక్కకు ఒరిగింది. వెంటనే గొర్రెపిల్ల అరుపు వినిపించింది.

హంపమ్మ మంచె దిగి పరుగెత్తింది. బురదలో రెండుసార్లు పడింది. గట్టు కింద నల్లటి కంబళి కుప్పగా పడి ఉంది. కంబళి అంచులోంచి అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మూతి బయటపెట్టి అరుస్తోంది. ఇంకా మాయ ఆరలేదు. నాలుగడుగుల అవతల, గట్టు చాటున, తల్లిగొర్రె వణుకుతూ నిలబడి ఉంది. మిగతా మంద గట్టు అవతలి పల్లంలో ఉంది. చేలో ఈనిన గొర్రె దగ్గర తల వంచి గొంతుక్కూర్చుని, తడిసిన పిల్లను కంబళిలో పొట్టకు హత్తుకుని ఉంది బొమ్మక్క. పొద్దున్నుంచి వానకు నానిన ఉన్ని ఆమె వేడిని చుక్క కూడా బయటికి పోనివ్వలేదు. కన్నుకు కనబడింది గొర్రెపిల్ల మూతి ఒక్కటే. ఎనభై దేశాల మనుషుల్లో ఇలా కప్పుకున్న మనిషిని దానికి ఎవరూ చూపించలేదు.

హంపమ్మ చేతిలోని తుపాకి జారి, గొట్టం కంబళి వైపే చూస్తూ గట్టు మీద పడింది. ఆమె అక్క తల దిక్కున మోకాళ్ల మీద కూలబడి, పుల్ల పీకి, కొప్పెర వెనక్కి తీసింది. బొమ్మక్క ముఖం బయటపడింది.

'టక్.'

గట్టు మీద ఎర్రదీపం వెలిగింది. ఇప్పుడు గుర్తుపట్టింది.

"అక్కా," అంది హంపమ్మ. కంబళి కింద చెయ్యిపెట్టి చూసింది. గుండు దిగిన చోటు వేళ్లకు తగిలింది. కాసేపటికి, ఎన్నడో వదిలేసిన మాట దానంతటదే గొంతులోంచి వచ్చింది.

"హోయ్."

తుంపర పడుతోంది.

"హోయ్."

గొర్రెపిల్ల కంబళిలోంచి పాక్కుంటూ తల్లి దగ్గరికి పోయింది. హంపమ్మ అక్క పెదవుల వైపే చూసింది. ఒక్క తిట్టు చాలు. పో అన్నా చాలు.

"హోయ్."

మూడో పిలుపు తర్వాత ఆమె చాలాసేపు ఆగింది. వాన చుక్కలు బొమ్మక్క నుదుటి మీద, రెప్పల మీద పడి చెంపల మీదికి జారుతున్నాయి. హంపమ్మ కొంగుతో తుడిచింది. మళ్లీ పడ్డాయి. మళ్లీ తుడిచింది. కొంగు కూడా తడిసిపోయింది.

ఎంతసేపైందో, గట్టు మీద 'టిక్'మంది. హంపమ్మ తలెత్తింది. తుపాకి పడ్డచోటే ఉంది, గొట్టం బొమ్మక్క ముఖం మీదికి చూస్తోంది. దీపం పచ్చగా మారింది.

హంపమ్మ గబగబా రెండు అరచేతులూ రుద్దుకుని, ఊదుకుని, అక్క చెంపల మీద అదిమిపెట్టింది.

'టక్.' ఎర్రదీపం.

చేతులు అలాగే ఉంచి కూర్చుంది.

చప్పుడు విన్న చాలాసేపటికి విరూపాక్షి, ఇంకో ఇద్దరు చేనడ్డంపడి వచ్చేసరికి చలికి హంపమ్మ పెదవులు నీలంగా మారాయి. అరచేతుల కింద బొమ్మక్క ముఖం మైనంలా ఉంది. విరూపాక్షి తుపాకి వెనకాలే నిలబడిపోయాడు. వచ్చినవాళ్లలో ఒకతను మెల్లగా, "తాళం పడలేదంటే తప్పు నీది కాదక్కా," అన్నాడు.

"అత్తా," అన్నాడు చివరికి విరూపాక్షి. "ఒళ్లు చల్లబడిపోయింది. చేతులు తియ్యి, ఇంటికి తీసుకుపోదాం."

హంపమ్మ అతని వైపు చూడలేదు. గట్టు మీది ఎర్రదీపం వైపే చూస్తోంది.

"తీస్తే తాళం తెరుచుకుంటాదప్పా," అంది.