నేను వదిలిన నలభై రెండు కిలోలు

రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్ పైకప్పు మీద ఏసీ మెషిన్లు చూసుకునేవాణ్ణి. పాత మెషిన్ విప్పే ముందు వాల్వ్ తెరిచి, అందులోని గ్యాస్‌ని గాలిలోకి వదిలేయడం నా అలవాటు. నాకు తెలిసిన మెకానిక్‌లందరి అలవాటూ అదే. ఆ రోజు కూడా బుస్సుమని వదులుతుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆ గ్యాస్ ఎటు పోతోంది?"

"గాలిలకు పోతది మేడం. కనపడదు, వాసన రాదు."

ఆమె పేరు రసజ్ఞ. ఇల్లు మదీనాగూడలో. కంపెనీ వల్ల వాతావరణానికి ఎంత చేటు జరుగుతోందో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. కరెంటు, జనరేటర్ డీజిల్, క్యాబులు అన్నీ ఆమె రిపోర్టులోకి వస్తాయి. భూమిని వేడెక్కించడంలో ఈ గ్యాస్ ఒక్క కిలో రెండు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని చెప్పింది. ఏసీ చల్లబరిచేది కదా, వేడెక్కించడమేమిటని నేను వాదించాను. పావుగంట ఓపిగ్గా వివరించింది. అర్థమయ్యాక సిగ్గేసింది. అంత అందమైన మనిషి ముందు మొద్దులా నిలబడ్డందుకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడే స్టోర్‌రూమ్ నుంచి, కవరు కూడా విప్పని రికవరీ మెషిన్ బయటికి తీశాను. గ్యాస్‌ని తిరిగి సిలిండర్‌లోకి పట్టడం అరగంట పని. అది చూడటానికి రసజ్ఞ పైకి వచ్చేది. టీలు తాగాం, ఒకరినొకరు ఆటపట్టించుకున్నాం. నెల తిరిగేసరికి మేడం అని పిలవడం పోయి పేరు మిగిలింది. ప్రేమలో పడ్డానని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

మార్చిలో రిపోర్టు టైమొచ్చింది. ఏడాదిలో ఎంత గ్యాస్ గాలిలో కలిపామో నేనే రాసి సంతకం పెట్టాలి. రసజ్ఞ చూసిన ఆ ఒక్కసారి తప్ప ఇంకేమీ వదల్లేదని రాయమన్నాడు మా సూపర్‌వైజర్ మొగిలి. నిజం రాస్తే సైట్ నుంచి తీసేస్తారన్నాడు. అబద్ధం రాస్తే, నన్ను నమ్మి రసజ్ఞ దాని కింద సంతకం పెడుతుంది. ఎన్ని మెషిన్లు ఖాళీ చేశానో నాకు తెలుసు. నలభై రెండు కిలోలని రాసిచ్చాను.

వారంలో తీసేశారు. సామాను సంచిలో సర్దుకుంటుంటే ఆమె వచ్చింది.

"నా రిపోర్ట్ వల్లనే గిట్లయింది. కోపమొచ్చిందా మహేందర్?"

"కోపం ఎందుకు? రేపటి సంది నువ్వు కనపడవు, గదే బాధ. నువ్వంటే నాకిష్టం రసజ్ఞా."

ఆమె కింద ఉన్న స్పానర్ తీసి నా సంచిలో వేసింది.

"నిన్న మా నాన్నకు నీ గురించి చెప్పిన. ఏం పని చేస్తడని అడిగిండు. చేసిన తప్పు ఉన్నదున్నట్టు రాసిచ్చిండు, అందుకే పని పోయిందని చెప్పిన."



"ఏమన్నడు?"

"ఆదివారం అన్నానికి రమ్మన్నడు."

"జర ఆగు. పని దొరికినంక వస్త."

"పని దొరకకముందే రమ్మన్నడు," అంది.